ఇన్ని కోర్సులు మోయగలనా? ముందు వారాన్ని లెక్కపెట్టండి

బీటెక్ ఒక్కటే చదివేవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు. సెకండియర్‌కి వచ్చేసరికి పక్కన ఇంకోటేదో ఉండాల్సిందే. ఆనర్స్ డిగ్రీ, కాదంటే మైనర్. ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆన్‌లైన్ బీఎస్. ఎన్‌పీటెల్ కోర్సులు రెండు. గేట్ కోచింగ్. రోజుకో కోడింగ్ ప్రాబ్లమ్ ఎలాగూ తప్పదు. ఒక్కోటి విడిగా చూస్తే ఏదీ పెద్ద కష్టంగా కనిపించదు. అన్నీ కలిపి ఒకే మనిషి నెత్తిన పెట్టినప్పుడే అసలు సినిమా మొదలవుతుంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఆఫీసులో ఇంటర్న్‌లు, ఇంటికెళ్తే కజిన్స్, పెళ్లిళ్లలో పక్క కుర్చీలో కూర్చున్న అంకుల్ గారి అబ్బాయి... అందరూ నన్ను అడిగేది ఒక్కటే. "ఇవన్నీ ఒకేసారి చేయగలనా?" దీనికి మన దగ్గర రెండు రెడీమేడ్ జవాబులు ఉన్నాయి. "మనసు పెడితే ఏదైనా అయిపోద్ది" అనేది ఒకటి. "ఎందుకొచ్చిన గోల, ఉన్నది సరిగ్గా చదువు" అనేది రెండోది. చెప్పేవాళ్లలో ఎవరూ అడిగినవాళ్ల టైమ్‌టేబుల్ చూసి చెప్పరు. నా మటుకు నాకు ఇది తెలివితేటల ప్రశ్న కాదు. కూడికలు, తీసివేతల ప్రశ్న. ఐదో తరగతి లెక్కలు చాలు. కాకపోతే నిజాయితీగా వేయాలి, అక్కడే వస్తుంది తంటా.

క్రెడిట్ అంటే ఎన్ని గంటలు?

ఏఐసీటీఈ మోడల్ కరికులమ్ ప్రకారం బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. ఆనర్స్ లేదా మైనర్ కావాలంటే ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చేయాలి. 160 పక్కన 20 చూస్తే చిన్నగానే అనిపిస్తుంది. "సెమిస్టర్‌కి ఒక సబ్జెక్టు ఎక్కువ, అంతేగా" అంటారు.

సరే, దాన్ని గంటల్లోకి మారుద్దాం. 2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ఒక క్రెడిట్‌కి 30 గంటల చదువు అని లెక్కగట్టింది. క్లాసు, ల్యాబు, ఇంట్లో చదివేది, అసైన్‌మెంటు అన్నీ కలిపి. అంటే 20 క్రెడిట్ల ఆనర్స్ 600 గంటలు. నాలుగు సెమిస్టర్లకి సర్దితే ఒక్కో దానికి 150. సెమిస్టర్‌లో క్లాసులు జరిగేది 15 వారాలనుకుంటే, వారానికి 10 గంటలు. "ఒక సబ్జెక్టు ఎక్కువ" అంటే అసలు అర్థం అదీ.

ఇదే లెక్క మామూలు సెమిస్టర్‌కి వేస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. 20 క్రెడిట్ల సెమిస్టర్ అంటే వారానికి 40 గంటలు. అందులో థియరీ క్లాసులు, ల్యాబులు కలిపి ఓ 24 పోతాయనుకోండి. మిగిలిన 16 గంటలు ఇంట్లో కూర్చుని చదవాలని కాగితం మీద ఉంది. వారం వారం 16 గంటలు! మన బ్యాచ్‌లో ఎవరైనా చేశారా? మనం చేసేది వేరు. సెమ్ పరీక్షకి ముందు రోజు ఆల్ ఇన్ వన్ తెరిచి, పాత పేపర్లు ముందేసుకుని, ఐదు యూనిట్లలో మూడు నమిలి మింగేస్తాం. నిజం చెప్పాలంటే థియరీ పేపర్లకి ఆ పద్ధతి చాలామందికి పనిచేస్తుంది కూడా.

పక్కన పెట్టుకునే కోర్సులకి మాత్రం అది పనిచేయదు. ఎన్‌పీటెల్ 12 వారాల కోర్సులో వారానికో అసైన్‌మెంట్ ఉంటుంది. అందులో బెస్ట్ ఎనిమిది తీసుకుని 25 మార్కులకి లెక్కేస్తారు, మిగతా 75 పరీక్షకి. ఐఐటీ మద్రాస్ బీఎస్‌లో కూడా వారం వారం అసైన్‌మెంట్ పెట్టాల్సిందే. అక్కడ టర్మ్ 12 వారాలు, ఏడాదికి మూడు టర్మ్‌లు. ఫౌండేషన్ లెవెల్‌లో ఒక్కో కోర్సుకి వారానికి సుమారు 10 గంటలు పెట్టుకోవాలన్నది అంచనా. డెడ్‌లైన్ దాటిన అసైన్‌మెంట్‌ని నైట్ అవుట్ చేసి వెనక్కి తెచ్చుకోలేం. బీటెక్ మనకి నేర్పిన అలవాటు ఒకటి, ఈ కోర్సులు అడిగే అలవాటు ఇంకోటి. భారం కన్నా ఈ తేడానే ఎక్కువమందిని ముంచుతుందని నా అభిప్రాయం.

మా పిన్ని కూతురి కాగితం

పోయిన దసరా సెలవుల్లో మా పిన్ని వాళ్లింటికి వెళ్లాను. తెనాలి పక్క ఊరు. వాళ్లమ్మాయి గుంటూరు దగ్గర ఒక కాలేజీలో సీఎస్‌ఈ సెకండియర్, డే స్కాలర్. నేను చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది. "అన్నయ్యా, నెక్స్ట్ సెమ్ నుంచి ఆనర్స్ తీసుకుంటా. జనవరి టర్మ్ నుంచి బీఎస్‌లో రెండు కోర్సులు. ఫోర్త్ ఇయర్ అయ్యేసరికి రెండు డిగ్రీలూ చేతిలో ఉండాలి. కుదురుద్దా?"

రూల్స్ పరంగా ఇబ్బందేమీ లేదు. రెండు డిగ్రీలు ఒకేసారి చదువుకోవచ్చని యూజీసీ 2022లోనే చెప్పింది. కుదిరేదీ లేనిదీ వారంలో ఉన్న 168 గంటలే చెప్పాలి. ఒక ఏఫోర్ కాగితం తెమ్మన్నాను.

నిద్ర రోజుకి ఏడు గంటలు, వారానికి 49. కాలేజీ బస్సు పొద్దున 7:20కి వీధి చివర ఎక్కితే మళ్లీ అదే చోట దిగేది సాయంత్రం 5:50కి. అంటే పదిన్నర గంటలు. శనివారం కూడా కాలేజీ ఉంది కాబట్టి ఆరు రోజులకి 63. స్నానం, తిండి, రెడీ అవ్వడం రోజుకి రెండేసి చొప్పున 14. అక్కడికే 126 అయ్యాయి. మిగిలింది 42. ల్యాబ్ రికార్డులు, అబ్జర్వేషన్లు, కాలేజీ అసైన్‌మెంట్లకి తొమ్మిది తీసేసింది. 33. బీఎస్ రెండు కోర్సులకి 20. ఆనర్స్‌కి 10. "ఇంకా మూడు గంటలు మిగిలాయి అన్నయ్యా! సరిపోద్ది" అని ఎగిరి గంతేసినంత పనిచేసింది.

మిషన్ దగ్గర నుంచి పిన్ని తల ఎత్తకుండానే అడిగింది. "మరి రాత్రి వంట ఎవరు చేస్తారే?"

పిన్ని బ్లౌజులు కుడుతుంది. పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రి తొమ్మిదయినా మిషన్ ఆగదు. రాత్రి వంట, ఆ తర్వాత గిన్నెలు ఈ అమ్మాయి పనే. రోజుకి గంటన్నర. వారానికి పదిన్నర గంటలు. అవి కాగితం మీద లేవు. రాయడం మర్చిపోయిందని కూడా అనలేను. అది 'టైమ్' అని తనకి ఎప్పుడూ అనిపించలేదు, అంతే. మూడులోంచి పదిన్నర తీస్తే మైనస్ ఏడున్నర. వాళ్ల తమ్ముడు ఇంటర్ హాస్టల్‌లో ఉన్నాడు. రేపు వాడు బీటెక్‌లో చేరి ఇలాంటి కాగితమే రాస్తే అందులో ఈ పదిన్నర గంటల గడి ఉండకపోవచ్చు. ఆ సంగతి అప్పుడు పిన్ని ముందు ఎత్తలేదు కానీ, చదివే అమ్మాయిలు మాత్రం ఆ గడి తప్పకుండా రాసుకోండి.

ఇంకో రెండు గడులు కూడా తేల్చాం. బస్సులో రోజూ పోయే టైమ్‌లో వీడియో లెక్చర్లు చూస్తానంది. సీటు దొరికిన రోజు సరే. సగం దారి నిలబడి, ఒక చేత్తో రాడ్ పట్టుకుని, ఇంకో చేత్తో స్టాటిస్టిక్స్ వినడం అంటే వినడమే, నేర్చుకోవడం కాదు. అందుకని బస్సులో గంటని అరగంటగానే లెక్కేసుకోమన్నాను. ఇక రెండోది ఫోన్. డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే రోజుకి మూడు గంటల పది నిమిషాలు. "అదంతా మానేస్తా" అంది. మానదు. నేనూ మానలేదు, మీరూ మానరు. అందులో కొంత రెస్ట్ కూడా ఉంది మరి. తీసుకుంటే అందులోంచి మూడో వంతు తీసుకోవచ్చేమో, అంతకుమించి రాదు.

మంచి వారం కాదు, చెత్త వారం చూడాలి

ఇప్పటిదాకా వేసింది మామూలు వారం లెక్క. మా ఫీల్డ్‌లో ఒక మాట ఉంటుంది, సర్వర్‌ని సగటు లోడ్‌కి కట్టకూడదని. రోజంతా మామూలుగా నడిచే టికెట్ల సైటు పొద్దున పదింటికి తత్కాల్ తెరిచినప్పుడు నిలబడుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష. చదువుకి తత్కాల్ టైమ్ అంటే మిడ్స్ వారం.

కాలేజీ అకడమిక్ క్యాలెండర్ ఒక పక్క, బీఎస్ టర్మ్ క్యాలెండర్ ఇంకో పక్క పెట్టి తేదీలు కలిపి చూశాం. బీఎస్‌లో క్విజ్‌లు, ఎండ్ టర్మ్ ఇంట్లో కూర్చుని రాసేవి కావు, సెంటర్‌కి వెళ్లి రాయాలి. అంటే ఆ ఆదివారం బస్సెక్కి వెళ్లిరావడానికే సగం పోతుంది. పాత సెమిస్టర్ తేదీల ప్రకారం చూస్తే ఒక మిడ్, ఒక క్విజ్ ఒకే వారంలో పడుతున్నాయి. దాని ముందు వారం ల్యాబ్ ఇంటర్నల్స్. మధ్యలో మాఘమాసంలో మా పెదనాన్న గారబ్బాయి పెళ్లి. పెళ్లికి రానంటే ఇంట్లో ఏమవుద్దో మీకు తెలుసు.

అలాంటి వారాలు సెమిస్టర్‌కి మూడో నాలుగో వస్తాయి. వాటిలో ఏది పక్కన పెట్టొచ్చో ముందే తెలిస్తే పర్లేదు. ఏదీ పక్కన పెట్టలేకపోతే ఆ ప్లాన్ కాగితం మీద ఎంత బాగున్నా నిలబడదు.

"ఇంటర్‌లో రోజుకి పద్నాలుగు గంటలు చదివాను కదా అన్నయ్యా" అంది. ఈ మాట మన రెండు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి స్టూడెంట్ దగ్గరా వింటాను, అందుకే దీని మీద కాస్త ఆగుతున్నాను. చదివిన మాట నిజమే. కానీ ఆ పద్నాలుగు గంటలు మనం నడిపినవి కావు. పొద్దున ఐదింటికి లేపింది ఎవరో. స్టడీ అవర్‌లో పక్కన తిరిగింది ఎవరో. ఏ చాప్టర్ ఎప్పుడు చదవాలో, ఏ వారం ఏ టెస్టో రాసిపెట్టింది ఎవరో. అన్నం హాస్టల్ మెస్‌లో రెడీగా ఉండేది. ఫోన్ లేదు. సబ్జెక్టులు కొన్నే, ఒకటే లక్ష్యం. ఇప్పుడు ఆ వార్డెన్, ఆ లెక్చరర్, ఆ మెస్ అన్నీ మనమే. పైగా సోమవారం డీబీఎంఎస్ ల్యాబ్ నుంచి వచ్చి ప్రాబబిలిటీలోకి దూకాలి, అందులోంచి ఆనర్స్ సబ్జెక్టులోకి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారడానికే బుర్రకి టైమ్ పడుతుంది. ఇంటర్ నిరూపించింది మన ఓపికని. సొంతంగా నడుపుకోగలమా అన్నది ఇంటర్ పరీక్షించనే లేదు.

ఫీజు కట్టేముందు ట్రయల్

ఆఫీసులో మేము రెండు వారాలకో స్ప్రింట్ ప్లాన్ చేస్తాం. ఎవరైనా "ఈసారి డబుల్ పని చేసేస్తా" అంటే మా లీడ్ నవ్వి పోయిన మూడు స్ప్రింట్లలో ఎంత పూర్తయిందో చూపిస్తాడు. దాన్ని బట్టే ఈసారి పని ఇస్తారు. ఆశని బట్టి ఇవ్వరు. చదువుకీ ఇదే చేయొచ్చు.

బీఎస్‌కైతే ట్రయల్ దానంతట అదే ఉంది. క్వాలిఫయర్ పరీక్షకి ముందు నాలుగు వారాల పాఠాలు, అసైన్‌మెంట్లు ఇస్తారు. వాటిని పాసవడానికి మాత్రమే వాడకుండా కొలవడానికి కూడా వాడుకోమని చెప్పాను. రోజూ ఎన్ని గంటలు కూర్చుందో ఒక నోట్‌బుక్‌లో రాయాలి, ఫోన్ తీసిన టైమ్ తీసేసి. ఆనర్స్ లాంటి వాటికి కూడా చేరకముందే ఆ సబ్జెక్టు ఎన్‌పీటెల్ వీడియోలు రెండు వారాలు ఫాలో అయి చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

నాలుగు వారాల తర్వాత నోట్‌బుక్ ఫొటో వాట్సాప్‌లో పెట్టింది. మొదటి వారం 16 గంటలు. రెండో వారం 15. మూడో వారం మిడ్స్ వచ్చాయి, ఏడు. నాలుగో వారం 12. మొత్తం 50, సగటున వారానికి పన్నెండున్నర. క్వాలిఫయర్ పాసయింది. పాసవడం గురించి నాకెప్పుడూ అనుమానం లేదు, తెలివైన పిల్ల. కానీ ప్లాన్‌లో వేసుకున్నది 30 గంటలు, బీఎస్‌కి 20, ఆనర్స్‌కి 10. చేతిలో ఉన్నది పన్నెండున్నర. చెత్త వారంలో ఏడు.

ఫోన్‌లో కాసేపు మాట్లాడలేదు. "అంటే రెండూ అవ్వవా?" అంది చివరికి. ఆ గొంతు విన్నాక, "పర్లేదులే ట్రై చెయ్" అనేయడం చాలా తేలిక. అనలేదు.

ఏది సాగుద్ది, ఏది సాగదు

టైమ్ చాలనప్పుడు ఏది గొప్పది అని చూడటం కన్నా ఏది సాగుద్దో చూడటం మేలు. బీటెక్ సాగదు. ఆనర్స్ కూడా సాగదు, సెమిస్టర్‌తో పాటే నడవాలి. సాధారణంగా దానికి మంచి సీజీపీఏ ఉండాలి, బ్యాక్‌లాగ్ ఉండకూడదు అని షరతులు కూడా ఉంటాయి. మీ కాలేజీ రెగ్యులేషన్ పుస్తకంలో ఆ పేజీ ఒకసారి చదవండి, సీనియర్లు చెప్పింది నమ్మకండి. బీఎస్ మాత్రం సాగుద్ది. టర్మ్‌కి ఎన్ని కోర్సులు తీసుకుంటే అన్నింటికే ఫీజు. తక్కువ తీసుకోవచ్చు. పూర్తి చేయడానికి ఎనిమిదేళ్ల వరకు టైమ్ ఉంది. మధ్యలో ఫౌండేషన్ సర్టిఫికెట్, డిప్లొమా, బీఎస్సీ అని దిగిపోయే స్టేషన్లు కూడా ఉన్నాయి. కుటుంబ ఆదాయం, కేటగిరీని బట్టి ఫీజులో 75 శాతం వరకు రాయితీ ఉంటుంది, చాలామంది అది చూడకుండానే భయపడతారు.

అందుకని మా పిన్ని కూతురు ఆనర్స్ వదిలేసింది. జనవరి టర్మ్‌లో ఒక్క కోర్సు. ఇదే హాస్టల్‌లో ఉండే అమ్మాయి అయితే, పైగా విదేశాల్లో ఎంఎస్ ఆలోచన ఉంటే, ఆనర్స్ పెట్టుకుని బీఎస్ వదలమనేవాణ్నేమో. బస్సు, వంట గడులు రెండూ పోతే లెక్కే మారిపోతుంది.

"మరి రెజ్యూమేలో?" అని అడుగుతారు. నేను కొన్నిసార్లు ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో కూర్చున్నాను. రెజ్యూమే మీద ఏముందో దాంట్లోంచే అడుగుతాం. మెషీన్ లెర్నింగ్ అని నాలుగు చోట్ల రాసి, మీన్‌కీ మీడియన్‌కీ తేడా అడిగితే నీళ్లు నమిలినవాళ్లని చూశాను. ఒక్క కోర్సు రాసి, అందులో ఏది అడిగినా బోర్డు మీద వేసి చూపించినవాళ్లనీ చూశాను. ఎవరికి ఆఫర్ వెళ్లిందో చెప్పక్కర్లేదు. కంపెనీల కటాఫ్ కూడా బీటెక్ మార్కుల మీదే ఉంటుంది, లైవ్ బ్యాక్‌లాగ్ ఉంటే టెస్ట్‌కే కూర్చోనివ్వని కంపెనీలు ఎన్నో. పక్క కోర్సు కోసం మెయిన్ డిగ్రీలో బ్యాక్‌లాగ్ తెచ్చుకోవడం కన్నా నష్టం బేరం లేదు.

క్లాసులు ఎగ్గొట్టి టైమ్ మిగుల్చుకుందాం అనే ఐడియా కూడా వస్తుంది. జేఎన్‌టీయూ రూల్స్‌లో 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే కారణం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్ తెచ్చుకోవాలి. 65 దిగితే డిటెన్షనే. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లకి హాజరు తగ్గితే అసలుకే ఎసరు. ఆ గంటలు మనవి కావు, వదిలేయండి.

మొదలుపెట్టాక కూడా ఒక థర్మామీటర్ దగ్గర పెట్టుకోవాలి. నిద్ర ఆరు గంటల కిందకి దిగి రెండు వారాలయిందంటే ఒక సిగ్నల్. దానికన్నా నమ్మకమైనది ఇంకోటి ఉంది. అసైన్‌మెంట్లలో 95, సెంటర్‌కి వెళ్లి రాసిన క్విజ్‌లో 30 వచ్చిందంటే ఆ అసైన్‌మెంట్లు చేసింది మనం కాదు, చాట్‌జీపీటీ. టైమ్ చాలని మనిషి ముందు చేసే పని అదే, రాత్రి పదకొండున్నరకి ప్రశ్న కాపీ చేసి అందులో పడేయడం. అప్పుడు తర్వాతి టర్మ్‌లో ఒక కోర్సు తగ్గించుకోవాలి. తగ్గించానని ఇంట్లో చెప్పడానికి మొహమాటపడితే, ఆ కోర్సు ఫీజు మళ్లీ కట్టాల్సి వచ్చినప్పుడు ఎలాగూ చెప్పాలి.

మా అమ్మాయికి జనవరి టర్మ్ మొదటి క్విజ్‌లో 71 వచ్చింది, అసైన్‌మెంట్లలో 84. ఆ గ్యాప్ బాగానే ఉంది. మే టర్మ్‌లో సెలవులు కొంత కలిసొస్తాయని రెండు కోర్సులు తీసుకుంది. ఈ స్పీడ్‌లో బీటెక్ అయ్యేసరికి ఫౌండేషన్‌లో ఉన్న ఎనిమిది కోర్సులూ అవుతాయి, డిగ్రీ కాదు. అది విని బాబాయ్ కొంచెం నిరుత్సాహపడ్డాడు, రెండు డిగ్రీల సంగతి అప్పటికే ఊళ్లో నలుగురికి చెప్పేసి ఉన్నాడు మరి. పిన్ని మాత్రం ఆ ఏఫోర్ కాగితం అడిగి తీసుకుని వంట గడి దగ్గర చాలాసేపు చూసిందట. ఇప్పుడు మిడ్స్ వారంలో రాత్రిళ్లు బాబాయ్ సెంటర్ నుంచి ఇడ్లీ పార్సిల్ తెస్తున్నాడు. ఆ వారం గిన్నెలు కూడా ఆయనవే.